డిస్కు బాగానే ఉంది

జూన్ 3

అక్కా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఇక్కడ కుశలంగా ఉన్నది నేనూ అమ్మా మాత్రమే. కంప్యూటర్‌కి ఒంట్లో బాగాలేదు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. పోయినసారి ఫోన్లో మాట్లాడుకుని మూడు నెలలు మాటల్లేకుండా కూర్చున్నాం, గుర్తుందిగా. కాగితం మీదయితే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు, నేను మధ్యలో పెట్టెయ్యలేను. మనకి ఇదే మంచిది.

పొద్దున ఆన్ చేస్తే నేను స్నానం చేసి వచ్చినా లేవదు. టైపు చేస్తుంటే అక్షరాలు ఎక్కడో ఆగిపోయి, ఒక్కసారిగా బిలబిలమంటూ వచ్చి పడతాయి. నెట్లో "మీ కంప్యూటర్‌ని ఉచితంగా పరీక్షిస్తాం" అని ఒకటి కనబడితే నొక్కాను. రెండు నిమిషాల్లో వందల రోగాలున్నాయని ఎర్రటి అక్షరాలతో గోల పెట్టింది. మందు కావాలంటే కార్డు నంబరు ఇమ్మంది. ఇవ్వలేదులే, మరీ అంత వెర్రిదాన్ని కాదు. కానీ ఆ వైద్యుడు అప్పట్నుంచీ కదలడం లేదు. పిలవని చుట్టంలా అస్తమానూ వచ్చి తెర మధ్యలో కూర్చుంటున్నాడు. భయపడి నెట్ వైరు పీకేశాను.

నాకు కంగారెందుకో నీకు తెలుసు. మూతపడ్డ బట్టల మిల్లులో పనిచేసిన ముసలివాళ్ళ మాటలు రికార్డు చేసి దాచారు చూడు, ఆ కార్యాలయం వాళ్ళ పని ఏడాదిగా చేస్తున్నాను. వినడం, టైపు చెయ్యడం, మళ్ళీ వినడం. ఒకావిడకి మగ్గాల చప్పుడు వల్ల చెవులు పోయాయి, ఆవిడ మాట్లాడినంతసేపూ అరుస్తూనే ఉంటుంది. నాకిప్పుడు ఆవిడ గొంతు మన పెద్దమ్మ గొంతు కంటే బాగా తెలుసు. ఆగస్టు చివరికి అన్నీ కలిపి, సూచికతో సహా ఒకేసారి అప్పజెప్పాలి. ముక్కలు ముక్కలుగా ఇస్తే తీసుకోరు. టైముకిస్తే అక్కడే పర్మినెంటు ఉద్యోగం. నలభై దాటాక నాకు వచ్చే మొదటి ఉద్యోగం, బహుశా ఆఖరిది కూడా. వాళ్ళిచ్చేది ఒంటిగది క్వార్టర్సు కాబట్టి మొదటి ఏడాది అమ్మ నీ దగ్గర. నువ్వు సరేనన్నావు, మర్చిపోకు.

అమ్మ కరెంటు దండగని నేను అటు తిరగ్గానే గోడ దగ్గర కంప్యూటర్ స్విచ్ కట్టేస్తోంది. అదొకటి.

మా కంప్యూటర్ డాక్టరువి నువ్వే, ఫీజు ఎంతో చెప్పు.

చిన్ని

జూన్ 10

చిన్నీ,

వెర్రిదాన్ని కాదని నీకు నువ్వే సర్టిఫికెట్ ఇచ్చుకున్నావు. ఉచితం అని రాసుంటే చాలు, గోడ దూకైనా వెళ్తావు. ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటున్న అక్క ఉండగా దారిన పోయే దానికి చెయ్యి చూపించుకున్నావా?

శ్రద్ధగా చదువు. మంచి పరికరాలు కూడా ఉచితంగానే దొరుకుతాయి. తేడా ఏమిటంటే అవి అరవవు, కార్డు నంబరు అడగవు. వాటిని తయారుచేసినవాళ్ళ సొంత పేజీలోంచే దింపుకోవాలి. పక్కన పెద్ద పెద్ద పచ్చ బొత్తాలు పెట్టి "ఇక్కడ నొక్కండి" అని పిలిచే పేజీల జోలికి పోకూడదు. ఇంకో సుఖం, వీటిని కంప్యూటర్‌లో ఎక్కించక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తాయి, పనయ్యాక పీకేస్తే ఆనవాలు కూడా మిగలదు. నేను ల్యాబులో వాడేవే ఈ కవర్లో పెట్టిన పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఒకటి డిస్కు ఆరోగ్యం చెబుతుంది. ఒకటి వేడి చూస్తుంది. ఒకటి మెమరీని పరీక్షిస్తుంది, అది మాత్రం కంప్యూటర్ లేవకముందే నడవాలి, ఎలాగో వెనక పేజీలో రాశాను. ఇంకొకటి, మిషను లేవగానే ఎవరెవరు దాంతోపాటు లేస్తున్నారో చూపిస్తుంది. నీ వైద్యుడు అందులో దొరుకుతాడు, మెడపట్టి గెంటెయ్యి. ప్రతిదీ ఏం చూపించిందో తెరని ఫొటోలా తీసి అదే పెన్‌డ్రైవ్‌లో దాచి నాకు పంపు. చూసి మళ్ళీ తిప్పి పంపుతాను.

ముందు పెట్టె విప్పి దుమ్ము దులుపు. నీ ఇంటి సంగతి నాకు తెలుసు.

అమ్మ విషయం, నేను సరేనన్నాను గానీ మీ బావ ఏమంటారో చూడాలి. ఇల్లు ఇరుకు. వెనక గదిలో ఆయన సామాను. అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు నీ పని కానీ.

అక్క

జూన్ 19

గురువుగారికి,

దండం. మీ శిష్యురాలు స్క్రూడ్రైవర్ పట్టింది. పెట్టె విప్పితే లోపల ఒక దిండుకి సరిపడా దుమ్ము. అమ్మ చూసి, "దీని కడుపులో ఇంత పెట్టుకుని ఎలా పనిచేసింది పాపం" అని జాలిపడింది.

వేడి తగ్గింది. ఫ్యాను ఇదివరకు కాఫీ గింజలు పట్టే మరలాగ తిరిగేది, ఇప్పుడు చప్పుడే లేదు. మెమరీ పరీక్ష నీలం తెర మీద చాలాసేపు నడిచింది. అమ్మ కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుని, "స్కానింగ్ తీస్తున్నారా? నొప్పి పుట్టదుగా?" అంటుంది. ఒక్క తప్పూ లేదని వచ్చింది. వైద్యుణ్ణి గెంటేశాను. వాడు ఒంటరిగా రాలేదే, తోడు ఇద్దరు బావమరుదుల్ని కూడా తెచ్చుకున్నాడు. ముగ్గుర్నీ సాగనంపాను. మిషను ఇప్పుడు బాగానే లేస్తోంది. నిన్ను ఊరికే అక్కని చెయ్యలేదు దేవుడు.

ఒక్కటే అర్థం కాలేదు. డిస్కు ఆరోగ్యం చెప్పేది ఉంది కదా, అందులో పైన నలుచదరంగా పసుపు రంగు, పక్కన "జాగ్రత్త" అని ఉంది. కింద ఒకచోట ఏవో అంకెలు కూడా పసుపే. దేనికి జాగ్రత్త? ఫొటో పెన్‌డ్రైవ్‌లో ఉంది, చూడు. నా ఫైళ్ళన్నీ ఎక్కడికైనా తీసి పెట్టుకోవాలా? నీ పెన్‌డ్రైవ్‌లో చోటుంది, వెయ్యనా? లేకపోతే ఇంకోటి కొంటాను. నువ్వు ఎలా చెబితే అలా.

అమ్మ అప్పుడే చీరలు రెండు కట్టలు కట్టింది. నీ దగ్గర కట్టుకునేవి, ఇక్కడ వదిలేసేవి. మంచివన్నీ నీ కట్టలోకే వెళ్ళాయి. పెద్దకూతురింటికి వెళ్తూ పాతవి కట్టుకుంటే ఏం బావుంటుంది అంటుంది. నేను చూడని చీరలు కూడా ఉన్నాయి అందులో, ఎక్కడ దాచిందో!

నీ ఏకలవ్యురాలు (వేలు మాత్రం ఇవ్వను, టైపు చెయ్యాలి)

జూన్ 25

చిన్నీ,

ఫొటోలు చూశాను. పని ఒత్తిడిలో ఉన్నాను, క్లుప్తంగా రాస్తాను.

డిస్కు బాగానే ఉంది. కంగారు పడకు. కొంతకాలం వాడిన ఏ డిస్కుకైనా ఆ పసుపు వస్తుంది, సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక లాంటిది అది. పట్టించుకోకు. నా పెన్‌డ్రైవ్‌లో నీ ఫైళ్ళు వెయ్యొద్దు, పరికరాలు పాడవుతాయి. ఇంకోటి కొనడం కూడా దండగ. నీ టైపు పని చూసుకో.

అమ్మని ఇప్పట్నుంచీ సామాను కట్టొద్దని చెప్పు. ఇంకా ఏదీ ఖాయం కాలేదు.

అక్క

ఆగస్టు 11

అక్కా,

పోయింది.

మొన్న మధ్యాహ్నం సూచికలో చివరి అక్షరాల దగ్గరున్నాను. లోపల్నుంచి టిక్ టిక్ మని శబ్దం. గోడ గడియారం అనుకున్నాను, మనింట్లో గడియారం ఆగిపోయి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసు. తెర నల్లబడింది. మళ్ళీ ఆన్ చేస్తే డిస్కే లేదంది. రిపేరు షాపుకి మోసుకెళ్ళాను. అక్కడ పనిచేసే అమ్మాయి చెవి ఆనించి విని, తల అడ్డంగా ఊపింది. ఏదీ రాదంది. ఏడాది పని అక్కా. అరిచే ముసలావిడా, నవ్వుతూ మధ్యలో ఏడ్చేసే మిల్లు వాచ్‌మెనూ, అందరూ పోయారు. రికార్డింగులు కార్యాలయంలో ఉన్నాయి నిజమే, మళ్ళీ విని మళ్ళీ టైపు చెయ్యడానికి మళ్ళీ ఏడాది కావాలి. నాకున్నవి రోజులు.

పక్కవీధి ఎలక్ట్రీషియన్ పోయిన నెలలో మీటరు మార్చాడు. వాడి వల్లే అని వాడి షాపు ముందు నిలబడి నానా మాటలూ అన్నాను. పాపం అతను టెస్టరు తీసుకుని నా వెనకే వచ్చి ఇంట్లో ప్రతి ప్లగ్గూ చూపించాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తలెత్తుకోలేకపోయాను.

నువ్వు డిస్కు బాగానే ఉందన్నావు కదా. మరి ఎందుకు పోయింది? నేనేం తప్పు చేశాను? దుమ్ము దులిపేటప్పుడు ఏదైనా కదిలించేశానా? చెప్పు, తిట్టు ఫర్వాలేదు.

చిన్ని

ఆగస్టు 18

చిన్నీ,

నీ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. నువ్వేం తప్పు చెయ్యలేదు. నిన్ను నువ్వు అనుకోకు.

నాకు తెలిసినంతలో ఇది స్విచ్ వల్ల అయ్యుంటుంది. నడుస్తుండగా కరెంటు పీకేస్తే డిస్కు దెబ్బతింటుంది. అమ్మకి ఎన్నిసార్లు చెప్పావో, ఎన్నిసార్లు విన్నదో నాకు తెలియదు. పెద్దావిడ, ఏం అనగలం. జరిగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఉద్యోగం అంటావా, నీకు ఇంట్లో కూర్చుని చేసుకునే పనులు బోలెడు. ఈ వయసులో కొత్త ఊరు, ఒంటిగది, హోటలు తిండి, నీకెందుకు ఆ అవస్థ? అమ్మకీ అలవాటైన ఇల్లు. ఏది జరిగినా మన మంచికే అనుకో.

ఇకమీదట జాగ్రత్తగా ఉండాలి. మా ల్యాబు చూడు, అన్ని మిషన్లున్నాయి, ఈ ఏడాది ఒక్క స్టూడెంటు ప్రాజెక్టు పోలేదు. నెలకోసారి కూర్చుని అన్ని డిస్కులూ చూస్తాను, ఎక్కడైనా పసుపు పడిందంటే ఆ సాయంత్రానికల్లా కాపీ తీయించి డిస్కు మార్పించేస్తాను. మొన్న స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ లేచి నిలబడి, ఈవిడ ఉండబట్టి నిశ్చింతగా ఉన్నాం అన్నారు. అలా పద్ధతిగా ఉండాలి.

ధైర్యంగా ఉండు.

అక్క

సెప్టెంబర్ 4

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజు అమ్మని తిట్టాను. తిట్టాను అని తేలిగ్గా రాస్తున్నాను గానీ, అవి ఆవిడని ఎవ్వరూ అనని మాటలు. "నీ పొదుపు నా బతుకు తీసింది" అన్నాను. "అక్క కూడా అదే రాసింది, చూడు" అని నీ కాగితం ఆవిడ ముందు పడేశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ నా గదిలోకి రావాలంటే గుమ్మం దగ్గర నిలబడి, "రావచ్చా" అని అడుగుతోంది. ఏ స్విచ్చూ ముట్టుకోవడం లేదు. చీకటి పడినా లైటు వేసుకోదు, నేను వెళ్ళి వెయ్యాలి.

ఉద్యోగం వేరే ఎవరికో ఇచ్చారు. మర్యాదగానే ఉత్తరం రాశారు.

నిన్న బావ ఫోన్ చేశారు, అమ్మకి. ఆయనకి ఇక్కడి సంగతేమీ తెలిసినట్టు లేదు. "అత్తయ్యా, వెనక గది ఖాళీ చేసి రంగు వేయించాను. కిటికీ పక్కన మంచం వేశాను, మీకు గాలి కావాలిగా. ఎప్పుడొస్తున్నారు?" అన్నారట. ఆగస్టు మొదట్లోనే వేయించారట. మరి ఇల్లు ఇరుకన్నావు. బావ ఏమంటారో అన్నావు. ఫోన్ పెట్టేసి అమ్మ, "అల్లుడు మంచివాడు" అని మాత్రం అంది.

అప్పుడు నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. పసుపు ఏ డిస్కుకైనా వస్తుంది, పట్టించుకోకు అని జూన్‌లో రాశావు. పసుపు పడితే ఆ సాయంత్రానికల్లా మార్పించేస్తాను అని ఆగస్టులో రాశావు. గొప్ప చెప్పుకునేటప్పుడు నువ్వు ముందూ వెనకా చూసుకోవు, చిన్నప్పట్నుంచీ అంతే.

అక్కా, నేను తెలివైనదాన్ని కాదు, నాకు ఒకటే అడగాలని ఉంది. ఆ రోజు హడావుడిలో ఫొటో సరిగ్గా చూడలేదు, పొరపాటు పడ్డాను అని రాయి. ఒక్క వాక్యం. రాస్తే నమ్ముతాను. నిజంగా నమ్ముతాను.

చిన్ని

సెప్టెంబర్ 12

చిన్నీ,

నువ్వడిగిన వాక్యం రెండుసార్లు రాశాను. రెండు కాగితాలూ చించేశాను. నీకు అబద్ధం రాయడం జూన్‌లో తేలిగ్గానే ఉంది, ఇప్పుడు చేతకావడం లేదు.

చూశాను. సరిగ్గానే చూశాను. ఆ అంకెలకి అర్థం నాకు తెలుసు. కానీ ఒకటి నమ్ము, నేను నీ డిస్కుని చంపలేదు. పసుపు పడ్డాక ఏళ్ళ తరబడి నడిచినవి ఉన్నాయి. నడిస్తే నడుస్తుంది, నీ అదృష్టం అనుకున్నాను. నడవకపోతే... అంతవరకూ ఆలోచించలేదని రాద్దామనుకున్నాను. ఆలోచించాను.

నీకు అమ్మతో బతకడం వచ్చు. నాకు రాదు. నేను కూర తరిగితే ముక్కలు పెద్దవి అంటుంది. మీ బావ ముందే, "దీనికి చిన్నప్పట్నుంచీ శుభ్రం లేదు" అంటుంది. ఆవిడ వచ్చి నాలుగు రోజులుంటే నేను నలభై రోజులు నిద్రపోను. కాలేజీలో నేను చెబితే అందరూ వింటారు, ఇంట్లో ఆవిడ ముందు మళ్ళీ పదేళ్ళ పిల్లనైపోతాను. ఏడాది పాటు అంటే నాకు ఊపిరాడలేదు. అమ్మని పంపొద్దని నీతో చెప్పే ధైర్యం లేదు, మీ బావేమో అప్పటికే అత్తయ్యకి వెనక గది ఇచ్చేద్దాం అంటున్నారు. నీ ఫొటోలో పసుపు చూసినప్పుడు, దేవుడే నా తరఫున మాట్లాడుతున్నాడు అనిపించింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

స్విచ్ మాట ఎందుకు రాశానో నాకే తెలియదు. నువ్వు ఎందుకు పోయింది, ఎందుకు పోయింది అని అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా.

కొత్త డిస్కు కొని పంపుతాను. పాతది డేటా తీసేవాళ్ళ దగ్గరికి పంపిద్దాం, ఖర్చు నాది. అమ్మని కూడా పంపు. నిజంగానే అంటున్నాను. ఎలాగో సర్దుకుంటాను. నన్ను క్షమించమని అడగను గానీ ఉత్తరం రాయడం మాత్రం మానెయ్యకు.

అక్క

సెప్టెంబర్ 20

అక్కా,

డిస్కు పంపకు. షాపు అమ్మాయి దగ్గర కొనుక్కున్నాను. పాతదాన్ని డేటా తీసేవాళ్ళకి ఆ అమ్మాయే పంపి చూసింది, లోపల గీసుకుపోయిందట, ఏమీ మిగల్లేదు. నీ పెన్‌డ్రైవ్ ఈ కవర్లోనే ఉంది. అందులోవి మంచి పరికరాలు, అవి నాతో ఒక్క అబద్ధం ఆడలేదు. జాగ్రత్త అని రాసి మరీ చూపించాయి. నేనే వాటిని కాదని నిన్ను నమ్మాను.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని అమ్మ అంటుండేది, నాకు ఇన్నాళ్ళకి అర్థమైంది. నువ్వు నా మీద అరిచి, "అమ్మని తీసుకోను, నా వల్ల కాదు" అని ఉంటే ఇంకో మూడు నెలలు మాటలు మానేసేవాళ్ళం. ఏదో ఒక దారి చూసుకునేదాన్ని. అమ్మని కూడా ఆ ఒంటిగదికే తీసుకుపోయి నేను నేల మీద పడుకునేదాన్ని. నువ్వు తడిగుడ్డతో గొంతు కోశావు, పైగా అన్నం సహించలేదని రాశావు. ఆ వాక్యం చదివి నీ మీద జాలిపడ్డాను చూడు, దానికి నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తోంది.

ఉద్యోగం పోయినందుకు ఎప్పటికైనా ఊరుకుంటానేమో. అమ్మ సంగతి అలా కాదు. నిన్న ఆవిడ పక్కన కూర్చుని, "నీ స్విచ్ వల్ల కాదమ్మా, అది ముందే పాడైంది" అని చెప్పాను. నా చెయ్యి తట్టి, "నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అంటున్నావులే. అక్కకి తెలియదా, అది చదువుకున్నది. అది రాసిందిగా" అంది. నేను ఎంత చెప్పినా నమ్మదు. నువ్వు చేసింది నేను చెప్పలేదు, చెప్పను. ఆ వయసులో ఆవిడకి పెద్దకూతురి మీద నమ్మకం కూడా పోవడం నాకిష్టం లేదు. కాబట్టి ఆవిడకి నువ్వే రాయాలి. స్విచ్ వల్ల కాదు అని, నీ దస్తూరితో, ఆవిడ కళ్ళజోడుకి కనబడేంత పెద్ద అక్షరాలతో. కారణం ఏం చెబుతావో నీ ఇష్టం. నీకు కారణాలు తట్టకపోవడమేం ఉండదు.

ఇక అమ్మని పంపమన్నావు. చీరల కట్ట ఇంకా విప్పలేదు ఆవిడ, రమ్మంటే రేపే బయల్దేరుతుంది. బావ రంగు వేయించిన గదిలో గాలి కూడా వస్తుంది. అయినా పంపను. నీకు శిక్ష వేద్దామని కాదు, నువ్వు కోరుకున్నదే జరుగుతోంది కదా, ఇది శిక్షెలా అవుతుంది?

ఆవిడకి ఈ మధ్య రాత్రిళ్ళు దగ్గొస్తోంది. అక్కడుండగా అది ఎక్కువైతే నేను నీకు ఉత్తరం రాస్తాను, అమ్మకి ఎలా ఉంది అక్కా అని. బాగానే ఉంది, కంగారు పడకు అని నువ్వు జవాబు రాస్తావు. నేను మళ్ళీ నమ్ముతాను.

చిన్ని